పాత మగ్గమా, క్రొత్త మగ్గమా?

వాడుకొను వస్తువు పాతబడినప్పుడు దానికి మెరుగులు దిద్ది నిలుపుకొనుటయా, లేక దానిని తొలగించి క్రొత్తది కొనుటయా అను ప్రశ్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు పుట్టుచునే యుండును. రైతునకు నీటిపంపు విషయమున, దర్జీకి కుట్టుమిషను విషయమున, విద్యార్థికి కంప్యూటరు విషయమున ఇదే తర్జనభర్జన. పెద్దలు "ఇంకను పనిచేయుచునే యున్నది గదా" యందురు. పిల్లలు "ఇంకెన్నాళ్లు దీనితో తంటాలు" అందురు. ఇరువురి మాటలయందును నిజము గలదు గనుకనే వాదము తెగదు. ఈ వారము ఈ ప్రశ్నను మేము మగ్గము విషయమున పరిశీలింప దలచితిమి. గంజాము సీమలో ఎన్నో తెలుగు కుటుంబములకు అది తరతరముల జీవనాధారము. దానిని గూర్చిన నిర్ణయము తప్పినచో నష్టపోవునది సొమ్ము మాత్రమే కాదు.

చికిటి వాసులమైన మనకు బరంపురపు పట్టును క్రొత్తగా పరిచయము చేయనక్కరలేదు. ఇంట పెండ్లి నిశ్చయమైనచో వరునకు పట్టుజోడు, వధువునకు పట్టుచీర కొనుటకు మనము తిన్నగా బరంపురము పోవుదుము. ఆ వస్త్రమును నేయు దేరా కులస్థులు శతాబ్దముల క్రిందట తెలుగునాటినుండి వచ్చి ఇచ్చట స్థిరపడినవారు. రెండేండ్ల కొకమారు జరుగు బుఢీ ఠాకురాణీ యాత్రలో అమ్మవారిని దేరా కులపెద్దయగు దేశిబెహరా ఇంటి ఆడుబిడ్డగా భావించి పుట్టింటికి తోడ్కొని వచ్చుట ఆచారము. ఊరి దేవతకే పుట్టినిల్లుగా పరిగణింపబడు గౌరవము నేతవారికి దక్కినదనిన, ఈ నగరములో మగ్గమునకు గల స్థానమెట్టిదో వేరుగ చెప్పవలసిన పనిలేదు. 2012 వ సంవత్సరమున "బరంపురము పట్టు (ఫోడా కుంభ) చీర, జోడు" అను పేరున ఈ వస్త్రమునకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది.

ఇంత గౌరవమున్నను నేతపని చేయు చేతులు తగ్గుచున్నవి. ఇది మన ప్రాంతమునకే పరిమితమైన సంగతి కాదు. 2009-10 నాటి అఖిల భారత చేనేత గణనలో నేతగాండ్రు, అనుబంధ వృత్తులవారు కలిసి 43.31 లక్షల మంది యుండిరి. 2019-20 నాటి గణనలో వారి సంఖ్య 35.22 లక్షలు. పదేండ్లలో ఎనిమిది లక్షల మంది తగ్గిపోయిరి. విచిత్రమేమనగా, అవే గణనలలో మగ్గముల సంఖ్య తగ్గలేదు, 23.77 లక్షలనుండి 28 లక్షలకు పెరిగినది. లెక్కించిన పద్ధతిలో భేదములున్నను ఒక్క విషయము మాత్రము స్పష్టము. దేశమున కరవైనది మగ్గపు కొయ్య కాదు. ఆ మగ్గముపై కూర్చుండుటకు ఇష్టపడు మనిషి. కావున "క్రొత్త మగ్గము లిచ్చిన చాలును, నేత నిలుచును" అను మాటను వెంటనే అంగీకరించుటకు మాకు మనసొప్పదు.

ఐనను యువకుల వాదమును తేలికగా త్రోసివేయరాదు. గుంటమగ్గములో కాళ్లు నేలలోని గుంతలోనికి జార్చి, నడుము వంచి, దినమునకు ఎనిమిది, పది గంటలు కూర్చుండుట సామాన్యమైన శ్రమ కాదు. నలువది యేండ్లు దాటునప్పటికి నడుమునొప్పి, మోకాళ్లనొప్పి తప్పని చుట్టములగును. గుంటలో చెమ్మ, ఇంటిలో వెలుతురు చాలదు. తండ్రి పడిన పాట్లను చూచిన కుమారుడు సూరతుకో, హైదరాబాదుకో పని వెదకికొనుచు పోవుటలో వింత యేమున్నది? "ఈ పాత మగ్గమును తీసివైచి క్రొత్తది తెండు, అప్పుడు కూర్చుందును" అని అతడనినచో, అది సోమరితనపు మాట కాదు.

పెద్దల వాదమునకును బలము గలదు. తమ తాతలనాటి మగ్గము గట్టి కొయ్యతో చేసినది. దాని మెలకువలన్నియు చేతికి అలవడినవి. ఎచ్చట బిగువు తప్పినను చెవికి శబ్దము వినబడగానే తెలిసికొని సరిచేసికొందురు. క్రొత్త మగ్గమునకు అప్పు చేయవలెను; అది చేతికి అలవడునంతవరకు కూలి తగ్గును; చెడినచో బాగుచేయువానికై పొరుగూరికి కబురు పంపవలెను. "ఉన్నదానితో నాలుగు చీరలు నేసికొనుచుంటిమి, లేనిదానికై అప్పులపాలగుట యెందులకు?" అని వారందురు. ఇదియు మూర్ఖపు పట్టుదల కాదు.

ఇరువురి వాదములను విన్న పిమ్మట మాకు తోచిన దేమనగా, ఉభయులును మగ్గమును విడదీయరాని ఒక్క వస్తువుగా భావించుచున్నారు. ఒకరు దాని నంతను ఉంచవలెననగా, మరియొకరు దాని నంతను మార్చవలెననుచున్నారు. నిజమునకు మగ్గము ఒక్క వస్తువు కాదు. అనేక భాగముల కూడిక. కొయ్యచట్రము వేరు, పడుగు చుట్టిన దూలము వేరు, అచ్చు వేరు, పన్నె వేరు, నాడె వేరు, పైనుండు జకార్డు వేరు, క్రింద కాళ్లతో త్రొక్కు పలకలు వేరు. కండెలు చుట్టు రాట్నము, పడుగు సిద్ధపరచు సామగ్రి మగ్గమునకు వెలుపలనే యున్నవి. ఇందులో బాధ పెట్టుచున్నది ఏది? ఆ ప్రశ్న అడుగకముందే "పాతదా, క్రొత్తదా" అని వాదించుకొనుట రోగమును చూడక మందును గూర్చి తగవులాడుకొనుట వంటిది.

మన పెద్దలు "తాతలనాటి మగ్గము" అని ఆప్యాయముగా పిలుచుకొను దానిని కొంచెము పరికించి చూడుడు. 1733 లో ఇంగ్లండున జాన్ కే యనునతడు ఒక చిన్న ఉపాయము కనిపెట్టెను. అంతవరకు నాడెను ఒక చేతితో విసరి మరియొక చేతితో అందుకొనవలసి యుండెను. అతడు నాడెకు ఒక బాటను అమర్చి, త్రాటిని లాగినంతనే అది ఈ చివరనుండి ఆ చివరకు పరుగెత్తునట్లు చేసెను. 1804 లో ఫ్రాన్సు దేశమున జకార్డు అనునతడు రంధ్రములు పొడిచిన అట్టలతో పడుగు పోగులను లేపు పెట్టెను రూపొందించెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములో మద్రాసు ప్రభుత్వమువారు సేలములో నేతశాలను నెలకొల్పి, ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ఆధ్వర్యమున ఈ త్రాటినాడెను ప్రచారము చేసిరి. 1936 ఏప్రిల్ 1 వరకు మన గంజాము మద్రాసు రాజధానిలోని భాగమే గదా! అప్పటి నేతగాండ్రు చేసిన దేమి? ఉన్న చట్రము నుంచుకొని, దానికి క్రొత్త భాగమును తగిలించుకొనిరి. అనగా నేడు మనము పాతదనుచున్న మగ్గమే ఒకప్పుడు మెరుగులు దిద్దబడిన మగ్గము. పెద్దలు కాపాడుకొనవలెననుచున్నది ఆ మెరుగులతో కూడిన దానినే. కావున మార్పు ఆచారమునకు విరుద్ధమని వారు భయపడనక్కరలేదు.

కాని ఆ మార్పునకును ఒక హద్దు ఉండెను. అంచు రంగు వేరు, నడిమి రంగు వేరుగా నుండి, రెండును గుడిశిఖరపు దంతములవలె ఒకదానిలో నొకటి కూర్చబడు చీర యున్నదనుకొనుడు. దానిలో ఒకే పేక ఈ చివరనుండి ఆ చివరకు పోవుటకు వీలులేదు. అంచు పేక అంచువరకే వచ్చి నడిమి పేకతో పెనవేసికొని మరలవలెను. అందులకు మూడు నాడెలు కావలెను, చేతితోనే నడపవలెను, సాయమునకు మరియొకరు కూర్చుండవలెను. త్రాటినాడె ఎంత వేగముగా పరుగెత్తినను ఇట్టి కూర్పు దానివలన కాదు. తెలిసిన నేతగాండ్రు త్రాటినాడెను సాదా భాగమునకు వాడుకొని, కూర్పు చోట చేతినాడెను విడువకుండుట ఇందువలననే. క్రొత్త పరికరము వచ్చినంత మాత్రమున పాతదాని పని అంతయు అది చేయునని తలపరాదు.

బాధ యున్నచోటనే మార్పు చేయవలెననుటకు మన తెలుగుదేశముననే ఒక చక్కని దృష్టాంతము గలదు. నల్లగొండ ప్రాంతమందలి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము పేరు పాఠకులు వినియే యుందురు. పోచంపల్లి తరహా చీరకు రంగులద్దుటకు ముందు నూలును మేకుల చుట్టును అటునిటు త్రిప్పి ఆసు పోయవలెను. ఈ పని ఇంటి ఆడువారిది. ఒక్క చీరకు చేయి వేలకొలది మారులు ముందుకు వెనుకకు ఆడవలెను. నాలుగైదు గంటలు పట్టును. దినమునకు రెండు చీరలకు ఆసు పోసిన తల్లి లక్ష్మమ్మ భుజము పడు బాధను చూచి, అంతగా చదువుకొనని ఆ కుమారుడు ఏండ్ల తరబడి ప్రయత్నించి 1999 లో ఆసు యంత్రమును సాధించెను. దానితో ఆ పని గంటన్నరలో ముగియును. యంత్రమునకు తల్లి పేరే పెట్టెను. 2017 లో భారత ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చి గౌరవించినది.

ఈ కథను అందరును పుత్రవాత్సల్యపు కథగా, పట్టుదల కథగా చెప్పుకొందురు. అది నిజమే. మాకు దానిలో మరియొక పాఠము కనబడుచున్నది. మల్లేశము మగ్గమును మార్చలేదు. నాడెను మార్చలేదు. నేతను ముట్టలేదు. మొత్తము పనిలో ఎచ్చట దేహము నలుగుచున్నదో, ఎచ్చట కాలము హరించుచున్నదో కనుగొని, ఆ ఒక్క మెట్టును మాత్రమే మార్చెను. తక్కిన దంతయు యథాతథముగా నిలిచినది. చీర అందము చెడలేదు. ఇల్లాలి భుజము మాత్రము బాగుపడినది.

ఈ విషయమును చిన్న లెక్కతో చూతము. ఒక ఇంటిలో దినమునకు పది గంటల పని జరుగుచున్నదనుకొనుడు. అందులో నేత సాగునది ఆరు గంటలు; కండెలు చుట్టుట, తెగిన పోగులు ముడివేయుట, పడుగు సరిచేయుట మొదలగువానికి నాలుగు గంటలు. రెట్టింపు వేగము గల క్రొత్త మగ్గము తెచ్చినచో ఆరు గంటల నేత మూడు గంటలలో ముగియును. మొత్తము పని పదినుండి ఏడు గంటలకు తగ్గినది. అనగా వేగము రెట్టింపైనను కాలము సగము కాలేదు. అదే ఇంటిలో కండెలు చుట్టుటకు చిన్న మోటారు రాట్నము నమర్చి, మంచి పన్నె వేసి, పోగులు తెగకుండ చేసికొన్నచో నాలుగు గంటల పని రెండు గంటలగును. అప్పుడు మొత్తము ఎనిమిది గంటలు. మొదటిదానికి పెద్ద అప్పు. రెండవదానికి చిన్న ఖర్చు. వచ్చిన లాభములో తేడా ఒక్క గంట. ఈ అంకెలు మేము ఉదాహరణకు కల్పించుకొన్నవి. ఎవరి ఇంటి అంకెలు వారివి. ఒక వారము దినములు కాగితముపై ఏ పనికి ఎంతసేపు పట్టుచున్నదో వ్రాసికొన్నచో సరియైన జవాబు ఆ కాగితమే చెప్పును.

పనిముట్టును ఎన్నుకొనుటకు కొలతలేవి? ఈ విషయమున 1929 లో అఖిల భారత చరఖా సంఘమువారు చేసిన ప్రకటన నేటికిని చదువదగినది. మేలైన రాట్నమును కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమానము నిత్తుమని గాంధీ మహాత్ముని ప్రోద్బలమున వారు ప్రకటించిరి. ఎనిమిది గంటలలో పదునారువేల గజముల నూలు తీయవలెనను షరతు ఒక్కటియే వారు పెట్టలేదు. పల్లెటూరి గుడిసెలో సులభముగా నడుపుటకు వీలుగా నుండవలెను; స్త్రీ ఎనిమిది గంటలు అధిక శ్రమ లేకుండ త్రిప్పగలుగవలెను; ధర 150 రూపాయలకు మించరాదు; తగిన మరమ్మతులతో ఇరువది యేండ్లు నిలువవలెను; ఏటి మరమ్మతు ఖర్చు ధరలో నూటికి అయిదు వంతులకు మించరాదు అనియు షరతులు విధించిరి. ఆ బహుమానము ఎవ్వరికిని దక్కలేదు. దక్కకపోయినను ఆ షరతులు దక్కినవి. వేగముతోపాటు దేహశ్రమ, ధర, ఆయువు, మరమ్మతు అను నాలుగింటిని కలిపి తూచినప్పుడే పనిముట్టు విలువ తెలియునని అవి బోధించుచున్నవి. నేడు అంగడిలో క్రొత్త యంత్రమును చూపువారు వేగమును, ధరను చెప్పుదురు. మరమ్మతు మాట మనమడిగినగాని చెప్పరు.

ఇక ప్రభుత్వ సహాయము సంగతి. కేంద్ర ప్రభుత్వమువారి "హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయతా" పథకము క్రింద మగ్గము, దాని పరికరముల ధరలో నూటికి 90 వంతులు ప్రభుత్వము భరించును. నేతవాడు 10 వంతులు పెట్టుకొన్న చాలును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. కాని నూటికి తొంబది ఉచితమైనప్పుడు మనుష్య స్వభావము కావలసినదానిని కాక, పెద్దదానిని కోరును. ఇంటిలో చోటు చాలునా, కప్పు ఎత్తు సరిపోవునా, మన నేతకు అది తగునా అను ఆలోచన వెనుకబడును. క్రొత్తది వచ్చి గోడకానుకొని యుండగా, పాతది వంటచెరకగుట తటస్థించును. ఆ పథకపు పట్టికలో సంపూర్ణ మగ్గములే కాక జకార్డు, డాబీ వంటి విడిభాగములును ఉన్నవని చాలమంది ఎరుగరు. తన మగ్గమునకు ఏ భాగము కొరతయో తెలిసినవాడు ఆ భాగమునే అడిగి తెచ్చుకొనవచ్చును. అడుగుటకు మాత్రము ముందుగా తెలిసియుండవలెను.

పాతదే మేలని మేము వాదించుచున్నామని ఎవ్వరును భావింపరాదు. క్రొత్తది తప్పక కొనవలసిన సందర్భములు గలవు. వానిలో మొదటిది చట్రము చెడినప్పుడు. కొయ్య పుచ్చి, కీళ్లు వదులై, ఎంత బిగించినను కదలు మగ్గమునకు క్రొత్త జకార్డు నమర్చుట కూలు గోడపై మేడ కట్టుట వంటిది. రెండవది దేహము ఓర్వలేనప్పుడు. మోకాళ్లు వంగని వృద్ధునకు, నడుమునొప్పి గల యువతికి గుంటమగ్గమును ఎంత బాగుచేసినను అది గుంటమగ్గమే. ఎత్తుగా కూర్చుండుటకు వీలైన స్టాండు మగ్గమే వారికి తగినది. మూడవది మన సీమకు ప్రత్యేకమైనది. 1999 అక్టోబరు తుపాను, 2013 అక్టోబరు 12 న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11 న పలాసవైపు విరుచుకొనిపడిన తిత్లీ — ఇవన్నియు మన కండ్లయెదుట జరిగినవే. నీరు నిలుచు వీధిలో, నేలలో గుంత త్రవ్వి అందులో జీవనాధారమును పెట్టుకొనుట వివేకము కాదు. అట్టిచోట నేలకు పైన నిలుచు మగ్గమునకు మారుటయే మేలు. ఇట్టి సందర్భములలో పాతదానిపై మమకారముతో డబ్బు పోయుచుండుట పొదుపు కాదు. అది కంటికి కనబడని దుబారా.

మరమగ్గము మాట వేరు. అది మగ్గమునకు బదులు మగ్గము కాదు, వస్తువే మారిపోవును. 1985 నాటి చట్టము ప్రకారము కొన్ని రకముల వస్త్రములు చేనేతకే ప్రత్యేకింపబడినవి. 2006 నుండి చేనేత గుర్తు వాడుకలో నున్నది. కరెంటు మగ్గముపై నేసిన బట్ట ఎంత నున్నగా నున్నను ఆ గుర్తునకు అర్హము కాదు. పెండ్లికి పట్టుజోడు కొనువాడు ఎక్కువ ధర ఇచ్చుచున్నది ఆ చేతిపనికే. ఆ చేతిని తొలగించినచో మిగులునది మిల్లులతో పోటీ. ఆ పోటీలో మన ఇంటి వరండాలోని రెండు మరమగ్గములు ఎన్నాళ్లు నిలువగలవు? కావున క్రొత్తది కొనబోవునప్పుడు "ఇది నా పనిని తేలిక చేయునా, లేక నా పనినే తీసివేయునా" అని ప్రశ్నించుకొనవలెను.

ఇవే కొలతలు మగ్గము లేని ఇండ్లకును పనికివచ్చును. మన సంఘములలో, గ్రంథాలయములలో, పిల్లల చదువుల బల్లలపై ఉన్న కంప్యూటర్లనే చూడుడు. విండోస్ 10 నకు మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14 న సాధారణ మద్దతును ముగించిరి. విండోస్ 11 నకు టీపీఎం 2.0 అను భద్రతా సాధనము కావలెను. పాత యంత్రములలో చాలవరకు అది లేదు. వెంటనే "అన్నియు పారవేయవలసినదే" అను కేక వినవచ్చినది. కాని నెమ్మదిగా నడచు పాత యంత్రములో తిరుగుడు డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేసి, జ్ఞాపకశక్తి కొంచెము పెంచి, ఉచితముగ లభించు లినక్సును ఎక్కించినచో తెలుగు వ్రాసికొనుటకు, చదువుకొనుటకు అది ఇంకను కొన్నేండ్లు సేవచేయును. బ్యాంకు లావాదేవీలకు మాత్రము మద్దతు లేని యంత్రమును వాడరాదు. అచ్చట క్రొత్తది కొనుటయే క్షేమము. మరియొక హెచ్చరిక. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణముననే తెలుగునకు స్థానము దొరకినను, ఎన్నో తెలుగు కాగితములు ఏండ్ల తరబడి వేరువేరు పాత ఫాంట్లలోనే తయారైనవి. యంత్రమును మార్చునాడు వానిని యూనికోడ్‌లోనికి మార్చుకొననిచో మన వ్రాతలను మనమే చదువుకొనలేము.

మగ్గమునందును ఇట్టి ప్రమాదమే గలదు. ఒక జకార్డునకు పొడిచిన డిజైను అట్టలు కొక్కెముల లెక్క వేరైన మరియొక జకార్డునకు సరిపడవు. పాత జకార్డును తూకమునకు అమ్మినవాడు దానితో తన తండ్రి వేయించిన అంచులను, కొంగులను కూడ అమ్మివైచినట్లే. అట్టలతో పాటు మాటలును పోవును. మన పిల్లలు బడిలో ఒడియా చదువుదురు. అది న్యాయమే, ఈ రాష్ట్రపు భాష అది. కాని పడుగు, పేక, పన్నె, కండె, ఆసు, నాడె అను మాటలు వారికి ఏ బడిలో వచ్చును? తల్లిదండ్రుల ప్రక్కన మగ్గమువద్ద కూర్చున్నప్పుడే వచ్చును. పనిముట్టులో ఒక భాగము మారినచో ఒక క్రొత్త మాట వచ్చి పాత మాటల ప్రక్కన చేరును. జకార్డు అట్లే వచ్చి మన మాటయైనది. పనిముట్టే ఇంటినుండి పోయినచో మాటలన్నియు ఒక్కమారుగా పోవును. పొరుగు రాష్ట్రమున తరతరములుగా తెలుగును నిలుపుకొనిన కుటుంబములకు ఇది చిన్న నష్టము కాదు.

కావున మా అభిప్రాయమును సంగ్రహముగా చెప్పుదుము. మొదట బాధ ఎచ్చటనో కనుగొనుడు. పిమ్మట చట్రము గట్టిదా యని పరీక్షింపుడు. గట్టిదైనచో బాధ పెట్టు భాగమునే మార్పుడు. గట్టిది కానిచో మమకారము విడిచి క్రొత్తది కొనుడు. కొనుటకు ముందు దానిని బాగుచేయువాడు బరంపురములోనో, ఇచ్ఛాపురములోనో, కనీసము ఒక దినపు ప్రయాణ దూరములోనో ఉన్నాడా యని విచారింపుడు. పాతదానిని తొలగించుటకు ముందు దానితో పోవునవి ఏవో లెక్క చూచికొని, కాపాడదగినవానిని కాపాడుడు.

ఇది ఒక్కొక్క ఇల్లు విడిగా చేయుట కష్టము. మన సంఘము పూనుకొన్నచో సులభము. అనుభవము గల ఒక నేతపెద్దను, ఒక వడ్రంగిని, కరెంటు పని నేర్చిన ఒక యువకుని కలిపి చిన్న బృందమును ఏర్పాటు చేయవచ్చును. ఇనుపతుక్కుతో శిల్పములు నిర్మించి దేశమంతట పేరుగాంచిన బరంపురపు ప్రభుత్వ ఐ.టి.ఐ. మన ఇరుగుననే యున్నది. పనికిరాదనుకొన్న లోహమునకు ప్రాణము పోయగల ఆ విద్యార్థులకు మన రాట్నములకు మోటారు అమర్చుట పెద్ద పని కాదు. ఈ బృందము ఇల్లిల్లు తిరిగి, ఏ మగ్గమునకు ఏమి కావలెనో ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకము చేతనుండగా ప్రభుత్వ కార్యాలయమునకు పోయినచో "మాకు మగ్గములిండు" అని కాక, "ఈ ఇంటికి పన్నె, ఆ ఇంటికి జకార్డు, ఆ మూడవ ఇంటికి స్టాండు మగ్గము" అని నిర్దిష్టముగా అడుగవచ్చును. అట్టి అర్జీకి కాదనుట అధికారులకును కష్టమే.

పెద్దలకు మా మనవి ఒక్కటే: కుమారుడు మార్పు కోరినప్పుడు దానిని మగ్గముపై ద్వేషముగా భావింపకుడు. యువకులకును ఒక్కటే మనవి: తండ్రి పాతదానిని విడువననినప్పుడు దానిని మూఢత్వముగా తలపకుడు. ఇరువురును కలిసి ఆ వారపు కాగితమును వ్రాయుడు. ఏ పనికి ఎంతసేపు, ఎచ్చట నొప్పి, ఎచ్చట ఖర్చు అని కాగితము ముందుంచుకొని మాటలాడుకొన్నచో "పాతదా, క్రొత్తదా" అను తగవు చాలవరకు దానంతట అదియే తీరిపోవును. మిగిలిన దేదైన నున్నచో సంఘమునకు తెలుపుడు. తోడు నిలుచుటకు అందరమును ఉన్నాము.